కంప్యూటర్‌కు బొట్టు పెట్టిన పెత్రమాస

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో మానుకోట బజారులో షట్టర్ ఎత్తి ఉన్నవి మందుల దుకాణాలూ నా డీటీపీ సెంటరూ. మందులు లేకపోతే రోగి బతకడు, ఫ్లెక్సీ లేకపోతే నాయకుడు బతకడు. దీక్షా శిబిరంలో పొద్దున ఎవరు దండ వేసుకొని కూర్చున్నా సాయంత్రానికల్లా వాళ్ల ముఖం ఫ్లెక్సీ మీదికి ఎక్కాల్సిందే. డిజైన్ నాది, అచ్చు హన్మకొండలో. అందుకే శిబిరం పెద్దమనిషి నన్ను పిలిపించి, సగం షట్టర్ ఎత్తుకొని పని చేసుకొమ్మని చెప్పాడు. ఊరంతా పని బంద్ పెట్టిందని లోకానికి చాటడానికి నేనొక్కణ్ని మాత్రం వంచిన నడుము ఎత్తకుండా పని చేయాలన్నమాట.

నాకు తెలంగాణ వద్దని కాదు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు పప్పూ అన్నం అందరికంటే ఎక్కువ తిన్నది నేనే. జై అంటే జై అన్నాను, కూర్చోమంటే రైలు పట్టాల మీద కూర్చున్నాను. నా మంట అంతా ఆ ముఖాల మీదే. మొదట్లో ఒక ఫ్లెక్సీకి నాలుగు ముఖాలుండేవి. సమ్మె ముదిరేకొద్దీ ముఖాలు పెరిగాయి. పైవరుసలో పెద్దవి, కిందివరుసలో చిన్నవి, అంచు పొడుగునా పెసరగింజలంత ముఖాలు. ఆ బరువుకు నా పాత కంప్యూటర్ నీళ్లు నమిలేది. ఒకరోజు శిబిరం పెద్దమనిషి ముఖం సేవ్ అవుతుండగా సగంలో ఆగిపోయింది. ఆయన వచ్చి తెర మీద ఒక కన్నూ సగం మీసమూ చూసుకొని, "నా రెండో దిక్కు ముఖం ఏమైంది? ఎవడన్న తీసెయ్యమన్నడా?" అని పేర్లతో సహా నలుగుర్ని అనుమానించాడు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, కంప్యూటర్‌లో సామాను మొత్తం మార్చాలని.

ఆ కంప్యూటర్‌లో ఫ్లెక్సీలు కాకుండా ఇంకొకటి కూడా ఉంది. పెద్దవంగర దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చి, ఎవరిదో పెళ్లి గుంపు ఫోటో నా చేతిలో పెట్టి వెళ్లింది. ఆమె భర్త ఆ ఎండాకాలంలోనే పోయాడు. బతికినన్నాళ్లూ ఫోటోకని నిలబడ్డ మనిషి కాదట. ఆ పెళ్లిలో కూడా వడ్డించడానికి పోతూ పొరపాటున ఫోటోలో పడ్డాడు. ఒక మూలకు, ఎవరిదో మోచేయి అడ్డం, భుజం మీద తువ్వాల.

"కొడుకా, గీ మూలకున్నాయినె మా ఇంటాయినె. ఒక్కడే ఉండేటట్టు జర పెద్దగ జేసియ్యి. పెత్రమాసకు పీట మీద పెట్టుకొని బియ్యమిస్త," అంది.

పెత్రమాస అంటే పోయినవాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు దానమిచ్చే అమావాస్య. మాకు ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలవుతుంది. ఆమెకు ఆయన లేకుండా వస్తున్న మొదటి పెత్రమాస అది. నేను ఫోటోను స్కాన్ చేసుకొని అసలుది తిరిగి ఇచ్చేశాను. తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఆ మనిషి మీద పని చేశాను. నాకు ఆ పనిలో మంచి పేరుంది, చెప్పుకోవాలి కదా. చనిపోయినవాళ్లను నా అంత ముస్తాబు చేసేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఇక సామాను మార్చే పని. మా అక్క భర్త, అంటే మా బావ, భూపాలపల్లి బొగ్గుగనిలో పని చేసేవాడు. సమ్మె కాబట్టి ఖాళీగా ఉన్నాడు. ఖాళీగా ఉన్న బావ కన్నా ప్రమాదం ఇంకొకటి లేదని నాకు అప్పటికి తెలియదు. మోటార్‌సైకిల్ వేసుకొని మానుకోట వచ్చి, నా కంప్యూటర్‌ను చూసి పకపకా నవ్వాడు.

"ఏం బామ్మర్ది, గీ పాత డబ్బా పెట్టుకొని ఉద్యమం నడుపుతున్నవా? మొత్తం మారుస్త. నాకిడిసిపెట్టు."

"నీకొస్తదా బావా?"

"భూమి లోపట మిషన్లు ఇప్పి బిగించేటోన్ని. గిది నాకో లెక్కనా!"

సామాను బెజవాడ నుంచి తెప్పించాను. ఫోన్‌లో నా యాస విని అక్కడి దుకాణం అతను ముసిముసిగా నవ్వడం నాకు వినిపించింది. సినిమాల్లో మమ్మల్ని చూసి నవ్వడం సరిపోక ర్యామ్ అమ్ముతూ కూడా నవ్వాలా అని ఒళ్లు మండింది. మండినా ఆర్డర్ మాత్రం ఇచ్చాను. రైళ్లు ఆగకముందే పెట్టె వచ్చి పడింది. కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, వీటన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. పాతదాంట్లో నుంచి మిగిలింది హార్డ్‌డిస్కూ పై డబ్బానే. పెద్దమ్మ భర్త ఆ హార్డ్‌డిస్కులోనే ఉన్నాడు.

బావ సామానంతా బల్ల మీద పాత పేపరు పరిచి వరుసగా పెట్టాడు. పెట్టి, కడుపులో ఎలుకలు తిరుగుతున్నాయని నన్ను వెంటబెట్టుకొని శిబిరం దగ్గరికి పులిహోర తినడానికి పోయాడు. నిరాహార దీక్ష శిబిరం పక్కన పులిహోర ఎందుకుండేదని అడగకండి, ఉండేది. మా ఇల్లు దుకాణం వెనకే. మేం తిరిగి వచ్చేసరికి అమ్మ పళ్లెంలో హారతి కర్పూరం ఆరిపోతోంది. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా అమ్మ చేతి పసుపూ కుంకుమా పడకుండా పని మొదలుపెట్టదు. మిక్సీకి పెట్టింది, కుట్టుమిషనుకు పెట్టింది, నేను కళ్లద్దాలు మార్చుకుంటే వాటి పెట్టెకూ పెట్టింది. నేను పట్టించుకోలేదు. బావ గబగబా అన్నీ బిగించేశాడు. డబ్బా మూత పెట్టగానే అమ్మ దాని చుట్టూ పసుపుదారం కట్టి, నిమ్మకాయ వేలాడదీసి, దండం పెట్టింది.

బావ తానే స్విచ్ నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. లోపల ఎర్రలైటు, నీలంలైటు వెలిగాయి. తెర మీద మాత్రం ఏమీ లేదు, కారునలుపు. కొద్దిసేపటికి డబ్బాలో నుంచి కూత మొదలైంది. కూ... అని పొడుగ్గా ఒకటి, ఆగి ఇంకొకటి, ఆగి ఇంకొకటి.

"పలుకుతున్నది సూడు," అన్నాడు బావ సంతోషంగా.

"పలుకుతున్నది సరే, లేస్తలేదు గద!"

ఆ రోజంతా దాని చుట్టూ ప్రదక్షిణలు చేశాం. మానిటర్ వైరు పాతచోట పెట్టి చూశాం, కొత్త కార్డుకు పెట్టి చూశాం. ప్లగ్గు మార్చాం. యూపీఎస్ తీసేసి నేరుగా గోడకు పెట్టాం. పెట్టిన మరుక్షణం కరెంటు పోయింది. బావ మీసం మెలేస్తూ, "మా దెబ్బే గిది. బొగ్గు బంద్ వెట్టినం గద, ఇగ ఢిల్లీల లైట్లు గూడ బంద్ అయితయ్," అన్నాడు. ఢిల్లీ సంగతి నాకు తెలియదు కానీ, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం బావ మాటకు చాలా గౌరవమిచ్చింది. కరెంటు ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది, రాగానే నేను పరిగెత్తుకొచ్చి స్విచ్ నొక్కేవాణ్ని, అది కూ అనేది.

జనగామలో నాకు తెలిసిన హార్డ్‌వేర్ అతను ఉన్నాడు, పని బాగా తెలిసినవాడు. ఫోన్ చేసి ఆ కూతను ఫోన్‌లోనే వినిపించాను.

"ర్యామ్ అన్నా. సక్కగ కూసోలే. ఇప్పి, తీసి, మళ్ల గట్టిగ పెట్టు," అన్నాడు వినీ వినగానే.

"నువ్వే జర వచ్చి సూడరాదు?"

"నేను సమ్మెల ఉన్న. పని ముట్టుకుంటె మా శిబిరపోళ్లు ఊకుంటరా?"

"మరి ఇప్పుడు జేస్తున్నదేంది?"

"గిది ముచ్చట. ముచ్చటకు సమ్మె లేదు."

సరే, విప్పుదామని నేను స్క్రూడ్రైవర్ అందుకున్నాను. అమ్మ వచ్చి డబ్బాకూ నాకూ మధ్యన నిలబడింది.

"ముట్టకు బిడ్డా. పూజ జేసి దారం కట్టినంక అమాస పోయేదాక ఇప్పద్దు. పెత్రమాస దినాలు, అరిష్టం."

"అమ్మా, అది నడుస్తలేదు!"

"అమాస పోనియ్యి, అదే నడుస్తది. అల్లుడు బిగించింది ఊకె పోతదా?"

అదీ అసలు సంగతి. దారం తెంచితే అరిష్టం ఒకటే కాదు, అల్లుడి పనితనాన్ని శంకించినట్టవుతుంది. మా ఇంట్లో దేవుడి తర్వాత అల్లుడు. ఒక్కోసారి ముందు కూడా. బావ ఏం చేశాడో చూద్దామన్న మాట అల్లుడి ఎదురుగా అనడానికి వీల్లేదు. ఆయన గారేమో నులకమంచం మీద కాళ్లు చాపి, "తీస్త అంటె తీస్త గని, అత్తమ్మ వద్దంటున్నది గద," అని మర్యాద నటించాడు. తాను బిగించిందాన్ని తిరిగి విప్పడం ఆయనకూ ఇష్టం లేదు.

ఫ్లెక్సీ రాకపోయేసరికి శిబిరం పెద్దమనిషి తన బలగంతో దిగాడు. డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, నిమ్మకాయకు దండం పెట్టి, కంఠం సవరించుకున్నాడు.

"గీ సామాను యాడికెల్లి తెప్పిచ్చినవ్?"

"బెజవాడ."

"గదీ సంగతి! వాళ్లు పంపిన బోర్డు మన ఫ్లెక్సీ జేస్తదా? అండ్ల ఏదో వెట్టి పంపిండ్రు. కుట్ర గిది."

వెంట వచ్చినవాళ్లు తల ఊపారు. ఒకాయన కంప్యూటర్‌ను రోడ్డు మీద పెట్టి తగలబెడితే టీవీలో వస్తుందన్నాడు. ఇంకొకాయనకు ఆ ఆలోచన బాగా నచ్చింది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి, లోపల మీ అందరి ముఖాలూ ఉన్నాయి, అవీ కాలిపోతాయన్నాను. దాంతో వెనక్కి తగ్గారు. మిగిలిన ఇంటర్నెట్ సెంటర్ల వాళ్లను హార్డ్‌డిస్క్ ఒక్కసారి పెట్టి చూడనివ్వమని బతిమాలాను. అందరూ దీక్షలో ఉన్నారు, అందరి దుకాణాలకూ తాళాలున్నాయి. "తెలంగాణ అచ్చినంక తెరుస్తం, అప్పుడు రా," అన్నాడు ఒకడు. తెలంగాణ ఎప్పుడొస్తుందో నాకు తెలియదు, పెత్రమాస మాత్రం తెల్లారితే వస్తుంది.

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ దిగింది. బస్సులు లేవు కదా, ఎట్లా వచ్చిందా అని చూస్తే చేతిలో జెండా ఉంది. ధర్నాకు వచ్చే ట్రాక్టర్లను ఎవరూ ఆపరు కాబట్టి, వాళ్ల ఊరి ట్రాక్టర్ ఎక్కి దారి పొడుగునా జై కొడుతూ మొగుడి ఫోటో కోసం వచ్చింది. గొంతు బొంగురుపోయింది.

"అయ్యిందా కొడుకా?"

కంప్యూటర్ లేవట్లేదని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గనిపించింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆమె తిట్టలేదు. డబ్బా దగ్గరికి పోయి దాని మీద అరచెయ్యి పెట్టింది.

"అండ్లనే ఉన్నడా?"

"ఉన్నడు పెద్దమ్మా. ఎటూ పోలేదు. కనవడ్తలేడు, అంతే."

"నీ దగ్గరున్న అసలు ఫోటో తీసుకరాకపోయినవా అక్కా?" అని అమ్మ లోపలి నుంచి వచ్చి అడిగింది. "దాన్నే ఇంకో తాన పెద్దగ జేపిద్దుము."

"ఏడున్నది చెల్లె! మొన్న వానకు ఇల్లు కురిసింది. గోడకున్న ఫోటో నాని ముద్దయింది. తుడుద్దామని చెయ్యి పెట్టిన, ఆయినె మొఖం నా ఏళ్లకు అంటుకొని వచ్చింది." పెద్దమ్మ తన చేతివేళ్ల దిక్కు చూసుకుంది. "దినాలు పోతున్నకొద్ది మొఖం యాదికి వస్తలేదు. కలల గూడ అటు తిరిగి నిలవడ్తున్నడు. పిలిస్తె మర్రుతలేడు. రేపు బియ్యమియ్యంగ ఎవలను తలుసుకోవాలె నేను?"

మా నాయిన ఫోటో దుకాణం గోడకు ఉంది, గంధం బొట్టుతో, ప్లాస్టిక్ దండతో. అమ్మ ఒకసారి అటు చూసింది. తర్వాత బల్ల మీది కత్తెర తీసుకొని పసుపుదారాన్ని కసుక్కున కత్తిరించింది. నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి బావ మంచం కిందికి చేరింది.

"అత్తమ్మా, అరిష్టం అంటివి గద," అన్నాడు బావ లేచి కూర్చుంటూ.

"ఏదన్న ఉంటె నాకే రానియ్యి. ఇప్పు బిడ్డా," అంది నాతో. అక్క పెళ్లయిన ఇన్నేళ్లలో అల్లుడి మాటకు అమ్మ ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే.

మూత విప్పాను. అమ్మ నా భుజం మీదుగా తొంగిచూసింది. ఇన్ని రోజుల తర్వాత తన చేతిపని చూసుకోవడానికి అన్నమాట. ర్యామ్‌ను పట్టి ఉంచిన కొక్కేలు వెనక్కి వంచి దాన్ని పైకి లాగాను. లాగగానే అమ్మ ముఖం వెలిగిపోయింది.

"సూడు, నేను పెట్టింది గట్లనే ఉన్నది!"

ర్యామ్ కింది అంచున, దువ్వెనకున్నట్టు, బంగారు రంగు పండ్లు వరుసగా ఉంటాయి. అవే లోపల బోర్డుకు తగలాలి, తగిలితేనే కంప్యూటర్ లేస్తుంది. ఆ పండ్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడి పసుపు పట్టించి, దాని మీద వరుసగా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఎండి, గట్టిపడి, అచ్చం పండుగనాటి గడప.

"అమ్మా! దీని మీదనే పెట్టాల్నా? డబ్బా మీద పెడ్తె సరిపోదా?"

"బంగారం కనవడ్తుంటె ఇడిసిపెట్టి రేకు డబ్బాకు పెడ్తరా ఎవలన్న?" అంది అమ్మ.

నేను బావ దిక్కు తిరిగాను. "బావా, బిగించేటప్పుడు నీకు గిది కనవడలేదా?"

"కనవడ్డది. పచ్చగున్నది సూసిన. కంపెనీ రంగు అనుకున్న," అన్నాడు.

రబ్బరు పెట్టి రుద్దాను, పిల్లలు పెన్సిల్ రాతలు చెరిపేసే రబ్బరు. పసుపు పొడిపొడిగా రాలింది. బంగారం మళ్లీ తళతళలాడింది. ర్యామ్ దిగే గాడిలో కూడా పసుపు ఉండటంతో దాన్ని వదిలేసి పక్క గాడిలో దిగ్గొట్టాను. గ్రాఫిక్స్ కార్డు తీసి చూస్తే దానికీ అదే అలంకారం, దాన్నీ రుద్దాను. దాని గాడిని పాత పళ్లబ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ పెట్టాను. పెద్దమ్మ జెండాను గోడకానించి, చేతులు కట్టుకొని నిలబడి చూస్తోంది. కరెంటు ఉంది, ఎంతసేపు ఉంటుందో తెలియదు, అందుకే యూపీఎస్ మళ్లీ తగిలించాను. స్విచ్ నొక్కాను.

ఒక్క కూత, పొట్టిది. తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా దిగాయి. నేను అరిచిన అరుపుకు శిబిరం నుంచి జనం పరిగెత్తుకొచ్చారు, తెలంగాణ ప్రకటించారనుకొని. కాదని తెలిసి కొందరు నన్ను బూతులు తిట్టి వెళ్లిపోయారు. శిబిరం పెద్దమనిషి మాత్రం లోపలికి వచ్చాడు.

"నడిసిందా? మొదలు మన ఫ్లెక్సీ తియ్యి. పైవరుసల నాది జర ముందటికి జరుపాలె."

"మొదలు ఈ పెద్దమ్మ పని," అన్నాను. ఆ మాట అనడానికి నాకు సమ్మె మొదలైన రోజు నుంచీ కోరికగా ఉంది.

ఫైల్ తెరిచాను. తెర నిండా మనిషి. నేను ఎంతో ఓపికతో చేసిన మనిషి. నీలంరంగు కోటు వేశాను, టై కట్టాను. మోచేయి అడ్డం వచ్చిన చెంపను ఇంకొకరి చెంపతో పూరించాను. నెరిసిన గడ్డం తీసేశాను. రంగు బాగా తెలుపు చేశాను. వెనక మంచుకొండలు, పూలతోట పెట్టాను. నా చేతిపనికి నేనే మురిసిపోతూ పెద్దమ్మ దిక్కు తిరిగాను.

ఆమె కళ్లు చికిలించి చూసింది. దగ్గరికి వచ్చి చూసింది. మర్యాదగా అడిగింది.

"ఎవలు కొడుకా గీయినె?"

శిబిరం పెద్దమనిషి కూడా వంగి చూస్తున్నాడు, ఆయన ముఖం చిన్నబోయింది. "అవు, ఎవరీ కొత్త నాయకుడు? ఏ మండలం? నాకన్న పెద్దగ పెట్టినవేంది?"

పెద్దమ్మ ముఖంలో నెమ్మదిగా భయం దిగింది. నేను వేరే మనిషిని చూపిస్తున్నానని కాదు, తన మొగుణ్ని తానే మర్చిపోయానేమోనని.

"ఆగు పెద్దమ్మా, ఆగు. ఉన్నడు," అన్నాను.

మౌస్ పట్టుకొని నేను తొడిగినవన్నీ ఒక్కొక్కటే తీసేశాను. మంచుకొండలు పోయాయి. టై పోయింది, కోటు పోయింది. తెలుపు పోయి నలుపు వచ్చింది. నెరిసిన గడ్డం మొలిచింది. అరువు చెంప ఊడిపోయి దాని చోట మళ్లీ ఎవరిదో మోచేయి అడ్డం వచ్చింది. భుజం మీద తువ్వాల, చేతిలో కూర బకెట్టు. వడ్డించడానికి పోతూ పోతూ ఎవరో పిలిస్తే ఇటు తిరిగి చూసిన మనిషి.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు, కోప్పడింది.

"గీడ వున్నవా! పిలిస్తె పలుకవేంది మరి? ఎన్ని దినాలు దేవులాడాలె నీ కోసం?"

యూపీఎస్ కీచుకీచుమంది, కరెంటు పోయింది. అది ఆగిపోయేలోపు ఎట్లాగో ప్రింట్ తీశాను. పెద్దమనిషి ఫ్లెక్సీ మళ్లీ కరెంటు వచ్చేదాకా ఆగాల్సిందే, ఆయన బావ మీద విసుక్కుంటూ పోయాడు, కరెంటు ఆపింది బావే కాబట్టి. నేను ఫోటోకు అద్దం బిగించి పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఒడిలో నిలబెట్టుకొని కూర్చుంది, కిందికి దించలేదు.

అమ్మ లోపలికి పోయి పళ్లెం తెచ్చింది, గంధం, కుంకుమ. ఫోటో ముందర కూర్చొని వేలు గంధంలో ముంచి ఆయన నుదుటి దాకా తీసుకొచ్చింది. తీసుకొచ్చి గాలిలోనే ఆపేసింది. నా దిక్కు చూసింది.

"గీడ పెడ్తె ఏం కాదు గద బిడ్డా? మల్ల బంద్ పడడు గద?"

ఏం కాదు, పెట్టమని చెప్పాను.